అమ్మకి వచ్చే నెల గర్భసంచి ఆపరేషన్ – త్వరగా కోలుకోవాలంటే మేం ఏం చేయాలి?

తెనాలి_అబ్బాయి
నమస్కారం అందరికీ. మా అమ్మకి 51 ఏళ్లు. చాలాకాలంగా బ్లీడింగ్ ఎక్కువ, స్కానింగ్‌లో గర్భసంచిలో పెద్ద గడ్డలు కనబడ్డాయి. మందులతో లాక్కొచ్చాం, ఇక లాభం లేదంటున్నారు. ఇద్దరు డాక్టర్లకి చూపిస్తే ఇద్దరూ తీసేయడమే మంచిదన్నారు. గడ్డల సైజు వల్ల పొట్ట కోసే చేయాలట. హిమోగ్లోబిన్ 8.4 ఉంది. షుగర్‌కి టాబ్లెట్లు వాడుతుంది.

ఆపరేషన్ సంగతి డాక్టర్ గారు చెప్పారు, అర్థమైంది. ఆ తర్వాత ఏంటన్నదే ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. మా పెద్దమ్మేమో పప్పు, గుడ్డు, వంకాయ, పులుపు నెల రోజులు ముట్టుకోకూడదు, చీము పడుతుంది అంటోంది. మంచం దిగితే కుట్లు ఊడిపోతాయట. నడుంకి మత్తు ఇంజక్షన్ ఇస్తే జీవితాంతం నడుంనొప్పి అని పక్కింటావిడ చెప్పిన దగ్గర్నుంచి అమ్మకి ఒకటే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నైట్‌డ్యూటీ
సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుని. తమ్ముడూ, నువ్వు ఆపరేషన్ తర్వాత గురించి అడుగుతున్నావు, నేను ముందు గురించి చెప్తాను. 8.4 హిమోగ్లోబిన్‌తో థియేటర్‌కి వెళ్లడం ఎందుకు? ఇది రాత్రికి రాత్రి చేయాల్సింది కాదు కదా, నెల టైముంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టారా? మాత్రలతో పెరగడానికి వారాలు పడుతుంది, కొందరికి అవి కడుపులో పడవు. అలాంటివాళ్లకి సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అంటారు, ఒకటి రెండు సార్లలో అయిపోతుంది. అమ్మకి పనికొస్తుందా అని డాక్టర్ గారిని నేరుగా అడుగు. మాత్రలే వాడితే టీ కాఫీలతో వేయొద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. ఈలోపు బ్లీడింగ్ తగ్గించే మందు గురించి కూడా అడగాలి. బిందెకి కింద చిల్లు ఉండగా పైనుంచి ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం?

షుగర్ మూడు నెలల సగటు ఎంతుందో రాయలేదు. అది బాగా ఎక్కువుంటే ముందు అదుపులోకి తెచ్చుకుని రమ్మంటారు చాలామంది సర్జన్లు. కుట్లు చీము పట్టడానికి పప్పుతో సంబంధం లేదు, షుగర్‌తో ఉంది. ఈ మాట మీ పెద్దమ్మకి నా మాటగా చెప్పు.

ఇంకో సంగతి. ఇంటి దగ్గరే బ్లేడుతో శుభ్రంగా షేవ్ చేసి తీసుకొస్తారు కొందరు, మాకు సాయం చేస్తున్నామనుకుని. వద్దు. బ్లేడు పెట్టిన చోట కంటికి కనబడని గాట్లు పడి క్రిములు చేరతాయి. వెంట్రుకలు అడ్డమైతే క్లిప్పర్‌తో హాస్పిటల్లోనే తీస్తారు, లేదంటే అసలు తీయక్కర్లేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెప్పింది. ముందురోజు సబ్బుతో తలస్నానం చేయిస్తే చాలు.

మత్తుడాక్టర్
నా పని పేరులోనే ఉంది. అమ్మగారి భయం సంగతి ముందు. వెన్నులో ఇచ్చే ఇంజక్షన్ సూది చాలా సన్నగా ఉంటుంది. గుచ్చిన చోట నాలుగు రోజులు నొప్పి ఉండొచ్చు. కొద్దిమందికి తలనొప్పి వస్తుంది, దానికి వైద్యం ఉంది. జీవితాంతం నడుంనొప్పి అన్నదానికి మాత్రం ఆధారం లేదు. 50 దాటిన ఆడవాళ్లలో నడుంనొప్పి మామూలే కాబట్టి ఆ నింద వచ్చి మా సూది మీద పడుతుంది. అమ్మగారికి వెన్నులో ఇస్తారా, పూర్తి మత్తా, రెండూ కలిపా అన్నది అక్కడి డాక్టర్ చూసి చెప్పాల్సిందే.

ఇప్పుడు మీరెవరూ అడగనిది. ఖాళీ కడుపు. మన దగ్గర "రాత్రి పది తర్వాత ఏమీ ముట్టుకోవద్దు" అని చెప్పేస్తారు. ఆపరేషన్ మర్నాడు మధ్యాహ్నానికి జరుపుతారు. అప్పటికి మనిషి నోరెండిపోయి, తల తిరుగుతూ, చిరాకుగా ఉంటుంది. నిజానికి నియమం ఏంటంటే మామూలు తిండి 6 గంటల ముందు ఆపాలి, వేపుళ్లు, బిర్యానీ లాంటివైతే 8 గంటలు. మంచినీళ్లు మాత్రం 2 గంటల ముందు వరకు తాగొచ్చు. పాలు, పాలు కలిపిన కాఫీ, మజ్జిగ తిండి కిందే లెక్క, నీళ్ల కింద కాదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. "కాఫీయే కదా డాక్టర్ గారూ" అంటారు, కేసు వాయిదా పడుతుంది.

షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకి పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి ఈ లెక్క మారొచ్చు. అందుకే ముందురోజు మత్తు డాక్టర్ చూడటానికి వచ్చినప్పుడు "నీళ్లు ఎన్నింటి వరకు తాగొచ్చు" అని టైముతో సహా అడిగి కాగితం మీద రాసుకోండి.

అమ్మగారి షుగర్ మాత్రల పేర్లు చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉంటే కనీసం 3 రోజుల ముందే ఆపమంటాం. అవి వేసుకుని ఉపవాసం ఉంటే షుగర్ మామూలుగానే కనబడుతూ ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాదం ఉంది. మీ అంతట మీరు ఆపొద్దు, ఆపాక వేరేది ఏం వాడాలో షుగర్ డాక్టర్ చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలు, ఆయుర్వేదం పొడులు, పసరు మందులు, ఏవున్నా దాచకుండా చెప్పండి.

పెద్దాపురం_పిన్ని
పెద్దవాళ్ల మాట తీసిపారేయడం బాగా అలవాటైపోయింది మీ అందరికీ. మా అత్తగారు ఎనిమిది కాన్పులు చూసింది ఇంట్లో, పథ్యం పెట్టకుండా ఎవర్నీ లేపలేదు. పప్పు తింటే పుండు మానదని నేను కళ్లారా చూశాను. వెల్లుల్లి కారం, నెయ్యి, పాత బియ్యం అన్నం, చారు. ఇవి పెట్టు నాయనా, ఏ గొడవా ఉండదు.

మత్తుడాక్టర్
పిన్నిగారూ, చారన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం భేషుగ్గా పెట్టండి. నాకు గొడవ లేదు. గొడవల్లా మీరు తీసేసేవాటితోనే. గాయం పూడాలంటే ఒంట్లో కొత్త కండ, కొత్త చర్మం కట్టాలి. దానికి మాంసకృత్తులు కావాలి. ఆపరేషన్ తర్వాత మనిషికి బరువులో కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలని లెక్క. 60 కిలోల మనిషికి రోజుకి 70 గ్రాములు దాటుతుంది. గుడ్డుకి 6 గ్రాములు. మీరు గుడ్డు, పప్పు, మాంసం, పెరుగు అన్నీ తీసేసి చారన్నం పెడితే ఆ 70 ఎక్కడినుంచి తేవాలి? పులుపు వద్దంటే నిమ్మ, నారింజ, ఉసిరి కూడా పోతాయి, గాయం అతకడానికి కావాల్సిన సి విటమిన్ అందులోనే ఉంది. చీము పట్టేది క్రిముల వల్ల. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి మాంసకృత్తుల లెక్క వేరు, వాళ్లు అడిగి తినాలి.

మొదటి రెండు రోజులు కడుపు ఉబ్బరంగా ఉంటుంది కాబట్టి కందిపప్పు ముద్దగా పెట్టకుండా పల్చటి పెసరకట్టు పెట్టండి. మీ అత్తగారు పప్పు వద్దన్నది బహుశా ఈ ఉబ్బరం చూసే అయ్యుంటుంది, అంతవరకు ఆవిడ మాటలో పస ఉంది. నెల రోజులు ఆపడంలో లేదు.

పెద్దాపురం_పిన్ని
పెసరకట్టు అంటే ఒప్పుకుంటాను. వంకాయ మాత్రం వద్దు.

మత్తుడాక్టర్
వంకాయ లేకపోతే కొంపలేం మునగవు. రాజీ.

ఊరి_ఆశాకార్యకర్త
తెనాలి తమ్ముడు ఇద్దరు డాక్టర్లకి చూపించాడు, మంచిపని. ఈ అమ్మకి గడ్డలున్నాయి కాబట్టి ఆమె సంగతి కాదు, ఇది చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నా. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రలో 9 శాతం దగ్గర, తెలంగాణలో 8 శాతం దగ్గర ఉన్నారు. తెల్లబట్ట, కడుపునొప్పి అని వెళ్లినా "తీసేద్దాం, పిల్లలు పుట్టేశారుగా" అంటారు. 30 ఏళ్లకే తీయించుకుని ఒళ్లు గుల్లయినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. అన్నింటికన్నా తేలిగ్గా కోలుకునేది అక్కర్లేని ఆపరేషన్ చేయించుకోనివాళ్లే.

వరంగల్_ఫిజియో
కుట్లు ఊడిపోతాయన్న భయం గురించి. పొట్ట లోపల పొరలు గట్టి దారంతో విడివిడిగా కుడతారు. నడిస్తే ఊడవు. మంచం మీద కదలకుండా ఉంటే మాత్రం కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు, ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా రావొచ్చు, కండ కరిగిపోతుంది. ఎక్కువ కేసుల్లో అదే రోజు సాయంత్రం కూర్చోబెట్టి, మర్నాడు పొద్దున నడిపిస్తాం.

లేవడం ఎలాగో ఇప్పటినుంచే అమ్మతో ప్రాక్టీస్ చేయించు అన్నా. వెల్లకిలా పడుకున్నది పడుకున్నట్టే తల ఎత్తి లేవబోతే పొట్ట మొత్తం లాగుతుంది, ప్రాణం పోయినంత నొప్పి. అలా కాదు. ముందు మోకాళ్లు రెండూ మడవాలి. భుజం, నడుం ఒకేసారి తిప్పుతూ పక్కకి ఒత్తిగిలాలి. కాళ్లు మంచం అంచు నుంచి కిందికి వదులుతూ, అదే సమయంలో కింది మోచేయి, పై అరచేయి మంచానికి ఆన్చి నెట్టుకుంటూ లేవాలి. కూర్చున్నాక వెంటనే నిలబడకూడదు, తల తిరుగుడు తగ్గేదాకా ఆగాలి. నువ్వు చంకల కింద చేతులు పెట్టి లాగొద్దు. పక్కన ఉండు, చాలు.

దగ్గు వస్తే మింగేస్తారు నొప్పికి భయపడి. చిన్న దిండు పొట్టకి గట్టిగా అదిమిపట్టి దగ్గమను. మూడు బంతులున్న పీల్చే యంత్రం ఇస్తారు, చాలామంది దాన్ని ఊదుతారు. ఊదేది కాదు, లోపలికి పీల్చేది. ఇప్పుడే మందులషాపులో కొని వారం ముందునుంచి అలవాటు చేయించు.

బర్మింగ్‌హామ్_బాబాయ్
నేను ఇక్కడ ఆర్థో వార్డులో పనిచేస్తాను. ఇక్కడ మోకాలు మార్చుకునేవాళ్లకి ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందే క్లాసు పెడతాం. ఎలా నడవాలి, ఇంట్లో బాత్రూమ్‌లో ఏం మార్చుకోవాలి, ఏ రోజు ఇంటికి వెళ్తారు, అన్నీ అప్పుడే. ఆపరేషన్ మర్నాడు సొంత బట్టలు తొడిగించి కుర్చీలో కూర్చోబెడతాం, భోజనం అక్కడే. హాస్పిటల్ గౌనులో ఉన్నంతసేపు మనిషి రోగిలాగే ఉంటాడు.

దీనంతటికీ మూలం 1990ల్లో డెన్మార్క్‌లో హెన్రిక్ కేలెట్ అనే సర్జన్ చేసిన పని. పేగు ఆపరేషన్ అయినవాళ్లు వారం పైన ఎందుకు మంచం మీద ఉంటున్నారు అని ఆయన ఒక్కొక్క కారణం తీసి చూశాడు. నొప్పి, ఉపవాసం, ముక్కులో గొట్టం, ఎక్కువ సెలైన్, పడక. ఒక్కో దానికి విరుగుడు పెట్టి, అన్నీ కలిపి అమలుచేస్తే రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపగలిగాడు. కొత్త మందు గానీ కొత్త యంత్రం గానీ ఏమీ కనిపెట్టలేదు. ఇప్పుడు గర్భసంచి ఆపరేషన్లతో సహా చాలావాటికి ఈ పద్ధతి మార్గదర్శకాలు ఉన్నాయి, ఎరాస్ అంటారు. మన హాస్పిటళ్లు ఎందుకు చేయవో నాకు అర్థం కాదు.

నైట్‌డ్యూటీ
> మన హాస్పిటళ్లు ఎందుకు చేయవో నాకు అర్థం కాదు

బాబాయ్ గారూ, కొన్ని పెద్ద హాస్పిటళ్లలో చేస్తున్నారు. మిగతాచోట్ల ఎందుకు కాదో నేను చెప్తాను. రాత్రి షిఫ్టులో వార్డంతటికీ ఇద్దరం. ఇంజక్షన్లు, బీపీలు, సెలైన్ మార్చడం, కేస్ షీట్ రాయడం అయ్యేసరికి తెల్లారుతుంది. ఒక్కొక్కరినీ లేపి నడిపించేది ఎవరు? ఖాళీ కడుపు సంగతీ అంతే. ఎవరి కేసు ఎన్నింటికో పొద్దున దాకా మాకే తెలియదు, మొదటి కేసు రద్దయితే నాలుగోది ముందుకొస్తుంది. అందుకని అందరికీ ఒకేసారి నోరు కట్టేస్తారు. లిస్టు సరిగ్గా వేయడం మొదలుపెడితే ఇందులో సగం బాధ పోతుంది, దానికి డబ్బు కూడా అక్కర్లేదు.

కానీ మీ దగ్గర లేనిది మా దగ్గర ఒకటుంది. ప్రతి మంచం పక్కనా ఒక మనిషి. అమ్మో, చెల్లెలో, కోడలో, కింద చాప వేసుకుని పడుకుని ఉంటుంది. నడిపించేదీ, తినిపించేదీ, బాత్రూమ్‌కి తీసుకెళ్లేదీ ఆమే. ఆమెకి ఎవరూ ఏమీ నేర్పరు. "అటెండెంట్ బయటికి వెళ్లాలి" అని అరవడం తప్ప. నూరా హెల్త్ అనే సంస్థ బెంగళూరు వైపు గుండె ఆపరేషన్ వార్డుల్లో ఈ అటెండెంట్లకే క్లాసులు పెట్టడంతో మొదలైంది, తర్వాత ప్రభుత్వ ఆసుపత్రుల్లోకీ వెళ్లింది. నాకు తెలిసి మనకి నప్పేది ఇదే. నర్సులు పెరిగేదాకా రోగి కూర్చోలేదు కదా.

పాతబస్తీ_పిల్లోడు
మత్తు గురించి భయపడుతున్న అమ్మగారికి ఒక ముచ్చట చెప్పండి. మత్తు ఎంత ఇస్తే ప్రమాదం, ఎలా ప్రమాదం అని తేల్చడానికి 1888, 1889లలో పరిశోధన జరిగింది మన హైదరాబాద్‌లోనే. నిజాం డబ్బుతో, ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ చేయించాడు, హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ అంటారు. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టర్‌గా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఇక్కడి ఆవిడే. లారీ తేల్చిన విషయం తర్వాత తప్పని రుజువైందనుకోండి, అది వేరే సంగతి.

మత్తుడాక్టర్
బాగుంది గానీ చివరి వాక్యం అమ్మగారికి చదివి వినిపించొద్దు!

అన్నట్టు ఇంకోటి. థియేటర్ దగ్గర పేరేంటి, ఏ ఆపరేషన్, ఏ మందు పడదు అని ఒకటికి నాలుగుసార్లు అడుగుతారు. "వీళ్లకే తెలియదా" అని అమ్మగారు కంగారుపడతారు, ముందే చెప్పి ఉంచండి. అది 19 అంశాల చెక్‌లిస్టు. మత్తు ముందు కొన్ని, కోత ముందు కొన్ని, బయటికి తెచ్చేముందు కొన్ని పైకి చదివి చూసుకుంటారు. ఢిల్లీతో కలిపి 8 నగరాల్లో దీన్ని పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి, 2009లో ప్రచురించారు. అడగకపోతేనే కంగారుపడాలి.

నొప్పి గురించి కూడా. మన ఆడవాళ్లు ఓర్చుకుంటారు, అడగరు. నొప్పి ముదిరాక మందు ఇస్తే అది అందుకోలేదు. టైము ప్రకారం ఇవ్వాలి, నొప్పి ఉన్నా లేకపోయినా. నొప్పి తగ్గితేనే దగ్గగలరు, నడవగలరు. 10కి ఎంత అని అడిగితే అమ్మగారు "పర్లేదు బాబూ" అంటారు. లేచి నాలుగడుగులు వేయగలరా అని అడగండి, అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది.

మార్కెట్‌యార్డు
అందరూ బాగా చెప్పారు. మా నాన్న హమాలీ. హెర్నియా ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఫ్రీగా అయింది, డాక్టర్లు బాగా చూశారు. బరువులు ఎత్తొద్దని చెప్పి పంపారు. బరువు ఎత్తకపోతే ఆ పూట కూలి లేదు. కుట్లు ఆరకముందే బస్తా భుజానికెత్తాడు, మళ్లీ అదే చోట ఉబ్బింది. ఏ పథ్యం చెప్పినా, ఏ నడక చెప్పినా మా ఇంట్లో మొదట ఆగింది ఇక్కడే.

2019 డిసెంబర్‌లో ఆంధ్రలో ఆరోగ్య ఆసరా అని పెట్టారు, ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయినవాళ్లకి కోలుకునే రోజులకి రోజుకి 225 రూపాయలు, నెలకి 5000 వరకు. ఎవరు పెట్టారు, ఎవరు తీశారు అన్న రాజకీయం నాకొద్దు. విశ్రాంతి కూడా వైద్యంలో భాగమేనని సర్కారు కాగితం మీద రాసింది చూడండి, అది సరైన ఆలోచన.

తెనాలి తమ్ముడూ, మీ అమ్మగారు పొలం పనికో, కుట్టుపనికో వెళ్తారా? ఇంట్లో నీళ్లు మోసేది ఎవరు? ఆరు వారాలు ఆ పని ఎవరు చేస్తారో ఇప్పుడే తేల్చుకోండి.

తెనాలి_అబ్బాయి
అందరికీ దండాలు. ఇక్కడ రాసినవన్నీ కాగితం మీద పెట్టుకుని డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాం. ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తామన్నారు, హిమోగ్లోబిన్ పెరిగాకే డేట్. అమ్మ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ ఉంది, షుగర్ డాక్టర్ మార్చి రాశారు. నీళ్ల సంగతి అడిగితే నర్సు గారు "ఇవన్నీ ఎక్కడ చదివావ్" అన్నారు గానీ మత్తు డాక్టర్ టైము చెప్తానన్నారు.

అమ్మ మిషన్ కుడుతుంది. అది నాన్న పక్కన పెట్టించాడు. నీళ్లు, గ్యాసు బండ నా పని. ఇంక వార్డులో, ఇంటికొచ్చాక చూసుకోవాల్సినవి చెప్పండి అక్కా.

నైట్‌డ్యూటీ
వార్డులో ముఖ్యంగా యూరిన్ బ్యాగ్. స్కానింగ్‌కో, వేరే గదికో మార్చేటప్పుడు వార్డుబాయ్ ఆ బ్యాగ్ తీసి స్ట్రెచర్ మీద, రోగి పొట్ట మీద పెట్టేస్తాడు. పైపులో ఉన్న మూత్రం వెనక్కి లోపలికి పోతుంది, ఇన్ఫెక్షన్ అక్కడే మొదలు. బ్యాగ్ ఎప్పుడూ నడుం కంటే కిందే వేలాడాలి, నేలకి తగలకూడదు. పైపు మర్నాడే తీసేయొచ్చేమో డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు అడుగు. పైపు ఉన్నంతసేపు మనిషి మంచం దిగడు.

చుట్టాలు. బుట్టెడు పళ్లు పట్టుకుని పదిమంది వస్తారు, మంచం మీదే కూర్చుంటారు, డ్రెస్సింగ్ ఎత్తి చూడబోతారు. నువ్వు చెప్తే మొహం ముడుచుకుంటారు కాబట్టి "డాక్టర్ గారు వద్దన్నారు" అని నా మీదకీ డాక్టర్ మీదకీ నెట్టేయ్. చేతులు కడుక్కోకుండా ఎవరూ ముట్టుకోవద్దు, నువ్వు కూడా.

డిశ్చార్జి రోజు హడావుడిగా ఉంటుంది, బిల్లు, మందులు, ఆటో. ఆ హడావుడిలో కాగితం చదవకుండా రావొద్దు. ఓడీ అంటే రోజుకి ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. మా దగ్గర కూర్చుని తెలుగులో రాయించుకో. పాత షుగర్, బీపీ మాత్రల్లో ఏవి మళ్లీ మొదలుపెట్టాలో, ఎప్పటినుంచో తప్పకుండా అడుగు, సగంమంది ఇక్కడే తడబడతారు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కేసైతే ఇంటికి ఇచ్చే మందులు, మళ్లీ చూపించుకునే సంగతి ఆరోగ్యమిత్ర దగ్గర అడగాలి.

ఇంటికొచ్చాక కొన్ని రోజులు కొద్దిగా ఎరుపు, గోధుమరంగు డిశ్చార్జి మామూలే. ప్యాడ్ వెంట ప్యాడ్ తడిసిపోయేంత బ్లీడింగ్, చెడు వాసన, 100.4 దాటిన జ్వరం, కుట్ల చుట్టూ ఎర్రగా వేడిగా ఉండటం, చీము కారడం, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం, ఇవి ఉంటే ఆ రోజే వెళ్లాలి. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్. మలబద్ధకం రానివ్వకు, ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది. ఆరు వారాలు బరువులు, దాంపత్యం వద్దు, రెండోది డాక్టర్ గారు మొహమాటపడి చెప్పకపోవచ్చు, నాన్నగారికి ఎలా చెప్తావో నీ ఇష్టం.

తెనాలి_అబ్బాయి
అక్కా, ఆ ఒక్కటీ పెద్దమ్మతో చెప్పిస్తా.

పెద్దాపురం_పిన్ని
ఆరు వారాలంటే ఈలోపు కొత్త ఆవకాయ వచ్చేస్తుంది. తెనాలి అబ్బాయి వాళ్లమ్మకి పెట్టొచ్చా, దానికీ ఏదైనా లెక్క ఉందా?

మత్తుడాక్టర్
ఉబ్బరం తగ్గి, విరేచనం సాఫీగా అవుతుంటే పెసరపప్పు అన్నంలో ఒక ముక్క పెట్టండి పిన్నిగారూ. బీపీ ఉంటే ఉప్పు చూసుకోవాలి. ఉందా తమ్ముడూ, ఆ సంగతి రాయనేలేదు?